పిల్లలతో నార్వే తీరానికి: బెర్గెన్, స్టవంగెర్, క్రిస్టియన్సాండ్, ఓలెసుండ్‌లలో మీకు ఏది నప్పుతుంది?

బెర్గెన్ రేవులో మా చిన్నవాడు చెక్క వంతెన మీద బోర్లా పడుకుని, నీళ్ళలోకి దారం వదిలి గంటన్నర కదల్లేదు. దారం చివర బట్టల క్లిప్పు, ఆ క్లిప్పులో రాయితో చితక్కొట్టిన ఆల్చిప్ప మాంసం. పీత వచ్చి పట్టుకుంటుంది, ఇక వదలదు. దాన్ని మెల్లగా పైకి లాగాలి, బకెట్లో వేయాలి, లెక్కపెట్టాలి, చివరికి అన్నింటినీ మళ్ళీ సముద్రంలో వదిలేయాలి. పక్కన ఇద్దరు నార్వే పిల్లలు అదే పనిలో ఉన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ముగ్గురూ ఒకే బకెట్ వాడుకున్నారు. ఎంతో దూరం వచ్చి, ఎంతో ఖర్చు పెట్టి మేము చూపించిన ఫియోర్డును, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయను మాత్రం వాడు పది నిమిషాలు చూసి ఉంటాడు.

ఆ ప్రయాణం తర్వాత, పిల్లలతో నార్వే వెళ్ళాలంటే ఏ ఊరు మంచిదని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ వయసెంత? మీ సెలవులు ఏ నెలలో? కొండ, సముద్రం, పడవ, రంగురంగుల చెక్క ఇళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి. ఫొటోలు చూసి ఎంచుకోబోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ పది నిమిషాల చూపు అయ్యాక మిగిలిన పగలంతా పిల్లలు ఏం చేస్తారన్న దగ్గరే ఊరికీ ఊరికీ తేడా తెలుస్తుంది. మే నెలలో అక్కడ పగలు చిన్నదేమీ కాదు, రాత్రి పదింటిదాకా వెలుగే.

ముందు నెల తేల్చుకోండి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్ళేవాళ్ళకు బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో అయిపోతాయి. నార్వేలో బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. అందువల్ల మనం వెళ్ళే మే నెలలో అక్కడ రద్దీ తక్కువ, హోటళ్ళలో గదులు కాస్త సులువుగా దొరుకుతాయి. కానీ వేసవి కోసమే నడిచే పార్కులు, పడవలు కొన్ని అప్పటికి పూర్తిగా తెరుచుకోవు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో స్థిరపడి జూలై, ఆగస్టుల్లో వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది లేదు, రద్దీ మాత్రం ఉంటుంది. ఈ ఒక్క తేడాతోనే సలహా మారిపోతుంది: మేలో వెళ్తే బెర్గెన్, జూలైలో పసిపిల్లలతో వెళ్తే క్రిస్టియన్సాండ్. నడవగలిగిన పెద్దపిల్లలుంటే స్టవంగెర్. ఓలెసుండ్ కారు నడిపేవాళ్ళకు.

బెర్గెన్: వానకు భయపడకండి, సిద్ధపడండి

బెర్గెన్ పేరు చెప్పగానే అందరూ వాన గురించే భయపెడతారు. భయం అబద్ధం కాదు. ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అంటే హైదరాబాదు వానకు దాదాపు మూడింతలు. సముద్రం మీంచి వచ్చే తేమ గాలిని ఊరి చుట్టూ ఉన్న కొండలు అడ్డుకోవడమే దీనికి కారణం. అయితే అది మన ఆషాఢపు కుంభవృష్టిలా ఉండదు. సన్నగా, పక్కవాటంగా, ఆగి ఆగి కురుస్తుంది. పైగా ఏడాది మొత్తంలో అక్కడ వాన తక్కువగా ఉండే నెలల్లో మే ఒకటి. మన వేసవి సెలవులూ ఆ ఊరి పొడి రోజులూ ఒకేసారి రావడం మనకు కలిసొచ్చే విషయం.

గొడుగు తీసుకెళ్ళకండి, ఆ గాలికి నిలవదు. పిల్లలకు వాన కోటుతో పాటు వాన ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల పలుచని ఉన్ని చొక్కా ఉండాలి. నూలు బట్ట తడిస్తే ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది, ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. చెడ్డ వాతావరణమంటూ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయని నార్వేవాళ్ళకు ఒక సామెత ఉంది. వాళ్ళ భాషలో వాతావరణం ‘వేర్’, బట్టలు ‘క్లేర్’, అందుకే అది ప్రాసతో నోటికి పట్టేస్తుంది. అక్కడి పసిపిల్లల బడులవాళ్ళు వానలోనే పిల్లలను ఆటకు వదులుతారు. బురద గుంటల్లో గెంతే ఆ పిల్లలను చూశాక మా ఆవిడ కూడా మావాడిని ఆపడం మానేసింది.

బెర్గెన్‌ను నేను ముందు పెట్టడానికి అసలు కారణం దూరాలు. చేపల సంత దగ్గర నిలబడితే పిల్లలకు కావలసినవన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. రెండు నిమిషాలు నడిస్తే ఫ్లోయ్‌బానెన్ స్టేషను. 1918 నుంచి నడుస్తున్న ఈ ఉక్కుతాటి రైలు కొన్ని నిమిషాల్లోనే 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. స్ట్రోలర్‌ను మడవనక్కరలేదు. పైన ఊరంతా కాళ్ళ కింద కనబడే వేదిక ఉంది, దాన్ని పెద్దవాళ్ళు చూస్తారు. పిల్లలు మాత్రం తిన్నగా ఆటస్థలంలోకి, ఆ పైన చెట్ల మధ్య చెక్కతో చెక్కిన ట్రోల్ బొమ్మల దగ్గరికి పరుగెత్తుతారు. ట్రోల్ అంటే వాళ్ళ జానపద కథల్లో కొండల్లో ఉండే రాక్షసుడు, మన బకాసురుడికి దూరపు చుట్టం అనుకోవచ్చు. వేసవిలో అక్కడ మేకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. దిగేటప్పుడు రైలెక్కకుండా వంపుల దారిలో నడిచి రండి. నాలుగేళ్ళ పిల్లవాడు కూడా గంటలోపు దిగగలడు.

రేవు పక్కనే బ్రిగ్గెన్. హాన్సా అనే వర్తక సంఘానికి చెందిన జర్మన్ వర్తకులు ఎండు చేపల వ్యాపారం చేసిన చెక్క భవనాల వరుస. 1702లో ఊరు తగలబడ్డాక పాత పునాదుల మీదే మళ్ళీ కట్టారు, 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఈ వివరాలు పిల్లలకు పట్టవు. వాళ్ళకు చెప్పదగిన కథ వేరే ఉంది: నిప్పు భయంతో ఈ ఇళ్ళలో పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. చలికాలమంతా కుర్రాళ్ళు ఆ చీకటి గదుల్లోనే పని చేసి, భోజనానికీ వెచ్చదనానికీ వెనక విడిగా కట్టిన గదులకు వెళ్ళేవారు. ఈ మాట చెప్పి, ఒరిగిపోయిన గోడల మధ్య ఇరుకు సందుల్లోకి తీసుకెళ్ళండి. మా పెద్దమ్మాయి ఆ చెక్క గోడలను వాసన చూస్తూ నడిచింది.

రేవు నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే నోర్డ్‌నెస్ కొనలో అక్వేరియం. 1960లో తెరిచారు. పెంగ్విన్లు, సీలయన్లు, నీటికుక్కలు ఉన్నాయి. మేత పెట్టే వేళ ముందే చూసుకుని వెళ్తే రెండు పూటలు గడిచిపోతాయి. బాగా కురిసే రోజున విల్‌విటె అనే సైన్సు కేంద్రం ఉంది. ట్రాము దిగి కాస్త నడిస్తే చాలు, అన్నీ చేత్తో తిప్పి చూడవచ్చు. అది కూడా వద్దనుకుంటే రైల్వే స్టేషను పక్కన ఊరి గ్రంథాలయం ఉంది. నార్వేలో గ్రంథాలయాలు ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోగల చోట్లు. పిల్లల విభాగంలో మెత్తలు, బొమ్మల పుస్తకాలు, ఆటలు ఉంటాయి. తడిసిన పిల్లలతో ఒక గంట వెచ్చగా కూర్చోవడానికి డబ్బు అడగని చోటు నార్వేలో దొరకడం చిన్న విషయం కాదు.

వీలైతే మే 17న అక్కడ ఉండేలా చూసుకోండి. 1814లో రాజ్యాంగం వచ్చిన రోజు, వాళ్ళ జాతీయ దినం. ఆ రోజు ఊరేగింపు పిల్లలదే. బడి పిల్లలు జెండాలు పట్టుకుని, వాద్యాలతో వీధుల్లో నడుస్తారు, ఎన్ని ఐస్‌క్రీములు అడిగినా పెద్దలు కాదనరు. బెర్గెన్‌లో మరొకటి కూడా ఉంది. బ్యూఎకోర్ప్స్ అనే పిల్లల దళాలు 1850ల నుంచి పేటపేటకూ ఉన్నాయి. వసంతం మొదలైతే చాలు, డప్పులు వాయిస్తూ వీధుల్లో కవాతు చేస్తుంటారు. పదేళ్ళ పిల్లలు అంత శ్రద్ధగా డప్పు కొట్టడం చూసి మా ఇద్దరూ హోటల్ గదిలో మంచాన్ని వాయించడం మొదలుపెట్టారు. ఆ రోజున దుకాణాలు మూసేస్తారు, ముందురోజే పాలూ రొట్టే కొనిపెట్టుకోవాలి.

మంచు చూడాలన్న కోరిక కూడా ఈ దారిలోనే తీరుతుంది. ఓస్లో నుంచి బెర్గెన్‌కు రైల్లో ఆరున్నర నుంచి ఏడు గంటలు. మధ్యలో 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సె స్టేషను వస్తుంది, మే నెలలోనూ అక్కడ నేలంతా తెల్లగానే ఉంటుంది. దూరప్రయాణ రైళ్ళలో పిల్లల కోసం ఆటగది ఉన్న ఫ్యామిలీ బోగీ ఉంటుంది. టికెట్ తీసుకునేటప్పుడు ఆ బోగీనే ఎంచుకోండి.

స్టవంగెర్: పెద్దపిల్లలకు, కానీ ఆ బండ గురించి ఒక మాట

స్టవంగెర్ బెర్గెన్ కంటే చిన్నది, చదునుగా ఉంటుంది, వాన కూడా తక్కువ. 1969 చివర ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్‌లో చమురు బయటపడ్డాక ఈ ఊరు దేశానికి చమురు రాజధాని అయింది. మ్యూజియం అనగానే ముఖం చిట్లించే పిల్లలు కూడా ఇక్కడి చమురు మ్యూజియంలో ఆగిపోతారు. సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీద ప్రమాదం జరిగితే కార్మికులు తప్పించుకునే గొట్టంలోంచి వాళ్ళు జారవచ్చు. పక్కనే చమురు పరిశ్రమలో పారేసిన సామగ్రితో కట్టిన ఆటస్థలం, జియోపార్క్ ఉంది. సముద్రంలో తేలే పెద్ద పెద్ద బోయాల మీద గెంతవచ్చు, ఎక్కవచ్చు. టికెట్ లేదు, తాళం లేదు. పదేళ్ళ పిల్లలకు నాలుగు ఊళ్ళలోకీ నాకు నచ్చిన చోటు ఇదే. ఊరి బయట సోలా దగ్గర పొడవైన ఇసుక తీరం ఉంది, గాలిపటానికి మంచిది, ఈతకు చల్లన.

ఇక ప్రైకెస్తూలెన్. లీసెఫియోర్డ్ మీద 604 మీటర్ల ఎత్తున బల్లలా ఉన్న బండ. స్టవంగెర్ వెళ్ళే ప్రతి ఒక్కరూ దాని ఫొటో చూసే వెళ్తారు. 2019 చివర సముద్రం కింద 14 కిలోమీటర్ల సొరంగం తెరిచాక కారులోనూ బస్సులోనూ చేరడం సులువైంది. కానీ నడక మారలేదు. పోనూ రానూ 8 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు, చాలాచోట్ల పెద్ద రాళ్ళ మీద. మెట్లలో కొన్నింటిని నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చారు, బాగా పేర్చారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు తన కాళ్ళతో ఎక్కిన పిల్లవాడైతే ఈ నడక చేయగలడు, ఆ శ్రమ మన పిల్లలకు కొత్త కాదు. తేడా పైన ఉంది. తిరుమల దారిలో పక్కన గోడ ఉంటుంది, నీడ ఉంటుంది, జనం ఉంటారు. ఇక్కడ చివరన రెయిలింగే లేదు. చెయ్యి విడిపించుకుని పరుగెత్తే వయసు బిడ్డ ఉంటే వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. వీపున కట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, నేను ఆ పని చేయను. వాన పడి బండ తడిగా ఉంటే పెద్దపిల్లలతో కూడా ఆగిపోండి.

చిన్నపిల్లలున్న కుటుంబానికి దీనికి చక్కని ప్రత్యామ్నాయం ఉంది. ఊరి రేవు నుంచి లీసెఫియోర్డ్‌లోకి వెళ్ళే పడవ దాదాపు మూడు గంటల్లో తిప్పి తెస్తుంది. అదే బండను కింద నుంచి మెడలెత్తి చూడవచ్చు. జలపాతం కిందికి పడవ ముక్కును తీసుకెళ్ళి నీళ్ళు పట్టి తాగడానికి ఇస్తారు. మా చిన్నవాడికి బండ గుర్తులేదు, ఆ నీళ్ళు గుర్తున్నాయి. మేము రెండు గుంపులుగా విడిపోయాం: ఒకరు పెద్దమ్మాయితో బండ మీదికి, ఒకరు చిన్నవాడితో పడవలోకి. అందరం కలిసే తిరగాలన్న పట్టు వదిలితే ఈ ఊరు చాలా ఇస్తుంది.

క్రిస్టియన్సాండ్: జూలై, మూడు నుంచి ఎనిమిదేళ్ళు

నార్వే పిల్లలను ఎక్కడికి వెళ్ళాలని ఉందని అడిగితే చాలామంది ఈ ఊరి పేరే చెబుతారు. ఊరికి తూర్పున 11 కిలోమీటర్ల దూరంలో దీరెపార్కెన్ ఉంది. 1966లో జంతుప్రదర్శనశాలగా మొదలై, ఇప్పుడు ఆటల పార్కూ నీటి పార్కూ కథల ఊళ్ళూ కలిసిన పెద్ద లోకం. పులులు, జిరాఫీలు ఒకవైపు, అక్కడి అడవుల తోడేళ్ళు, లింక్స్ పిల్లులు ఒకవైపు. ఊరి నడిబొడ్డునే ఇసుక తీరం ఉండటం ఇంకో సుగుణం. జూలైలో సముద్రం మోకాళ్ళదాకా దిగి ఆడుకునేంత వెచ్చబడుతుంది. దక్షిణ తీరం కాబట్టి ఎండ రోజులు పడమటి తీరం కంటే ఎక్కువ.

అయితే ఒక సంగతి తెలిసి వెళ్ళాలి. ఆ పార్కులోని కథల ఊళ్ళు, సముద్రపు దొంగల ప్రదర్శన నార్వే పిల్లలు ఉగ్గుపాలతో విన్న కథల మీద కట్టినవి, మాటలన్నీ నార్వే భాషలోనే. కథ తెలియని మన పిల్లలకు అవి ముచ్చటైన రంగుల ఇళ్ళు, అంతే. జంతువులకూ నీటి జారుడుబల్లలకూ భాష అక్కరలేదు కాబట్టి నాలుగేళ్ళవాడు హాయిగా ఆడుకుంటాడు. పన్నెండేళ్ళమ్మాయికి రెండో రోజు విసుగు వస్తుంది. మే నెలలో వెళ్తే వేసవి ఆటలన్నీ నడవవు, ఆ నెలలో ఈ ఊరి కోసం అంత దూరం వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఫియోర్డు చూడాలనుకునే పెద్దవాళ్ళకూ ఇక్కడ నిరాశే. ఇక్కడ కొండలు తక్కువ, చిన్న చిన్న దీవులు ఎక్కువ.

ఓలెసుండ్: కారు ఉంటేనే

నాలుగింటిలో అందమైనది ఇదే. 1904 జనవరి 23 రాత్రి మొదలైన మంటల్లో ఊరి నడిబొడ్డులో 850 ఇళ్ళు కాలిపోయి పది వేల మంది నిలువనీడ లేనివాళ్ళయ్యారు. మూడేళ్ళలో రాతితో, ఇటుకతో తిరిగి కట్టుకున్నారు. ఆనాటి కొత్త శైలిలో బురుజులు, పూలతీగలు, తలుపుల మీద ముఖాలు. ఎవరు ఎక్కువ ముఖాలు కనిపెడతారని పందెం పెడితే పిల్లలు ఊరంతా నడుస్తారు. అక్స్లా కొండకు 418 మెట్లు, లెక్కపెట్టుకుంటూ ఎక్కేయవచ్చు. ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డునే కట్టిన అక్వేరియం ఉంది. అక్కడి నీళ్ళూ చేపలూ ఆ బయటి సముద్రానివే.

ఇక్కడితో ఒకటిన్నర రోజు గడుస్తుంది. గైరాంగెర్ ఫియోర్డు, రూండె దీవిలో పఫిన్ పక్షులు, ఆల్నెస్ దీపస్తంభం చూడాలంటే కారు కావాలి. రైలు ఈ ఊరికి రాదు. ఒండాల్స్‌నెస్‌లో దిగి బస్సు పట్టాలి. కారు తీసుకుంటే 135 సెంటీమీటర్ల కంటే పొట్టి పిల్లలందరికీ పిల్లల సీటు తప్పనిసరి, కారుతో పాటే దాన్నీ బుక్ చేయాలి. వంపుల దారుల్లో కడుపులో తిప్పే పిల్లలుంటే మరోసారి ఆలోచించండి. ఆ దారుల్లోని ఫెర్రీలు మాత్రం పిల్లలకు పండగే. పడవ లోపల స్వేలే అమ్ముతారు. దిబ్బరొట్టె కంటే పలుచగా, దోసె కంటే మందంగా ఉండే తీపి రొట్టె, వెన్నా పంచదారా రాసి మడిచి వేడిగా ఇస్తారు. గుడ్డు పడుతుంది, తిననివాళ్ళు గమనించండి.

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఉత్తర ధ్రువ వెలుగుల కోసమైతే దసరా సెలవులు సంక్రాంతి కంటే మేలు. సంక్రాంతికి అక్కడ సూర్యుడు ఇంకా కనబడీ కనబడని రోజులు, చలి ఎక్కువ. అక్టోబరులో పగలు కూడా కాస్త తిరగవచ్చు. ఏ నెలలో వెళ్ళినా వెలుగుల కోసం అర్ధరాత్రి చలిలో గంటల తరబడి నిలబడాలి, అవి ఆ రోజు రాకపోవచ్చు కూడా. ఆరేళ్ళలోపు పిల్లలతో ఆ పని పెట్టుకోకండి.

అన్నం సంగతి

ఏ ఊరైనా వంటగది ఉన్న బస తీసుకోండి. ఈ మాట మీద రాజీ పడవద్దు. హోటల్ తిండి ఖర్చు నలుగురికి రెండు పూటలకే గుండె గుభేలుమనిపిస్తుంది. రెమా 1000, కివి వంటి దుకాణాల్లో బియ్యం, కూరగాయలు, పాలు, చక్కెర లేని పెరుగు దొరుకుతాయి. ఆ పెరుగుతో మావాడు పది రోజులు పెరుగన్నం తిన్నాడు. పచ్చడి, కందిపొడి ఇంటి నుంచి వస్తే చాలు. ఆదివారం ఈ పెద్ద దుకాణాలు దాదాపు అన్నీ మూతే, శనివారమే కొనాలి. నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయి నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. బెర్గెన్‌లో షిల్లింగ్స్‌బొల్లె అనే దాల్చినచెక్క బన్ను పిల్లల చేతిలో పెడితే కొండ దిగేదాకా పేచీ ఉండదు.

రాత్రులు వెలుగుగా ఉంటాయి కాబట్టి మందపాటి తెరలున్న గది అడగండి. మొదటి రెండు రోజులు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఉన్నవి వారం రోజులైతే ఒక్క ఊళ్ళోనే ఉండండి, పిల్లలకు మూడో రోజుకు గానీ ఊరు అలవాటు కాదు. పది రోజులుంటే బెర్గెన్‌లో ఆరు, స్టవంగెర్‌లో నాలుగు. రెండింటి మధ్య తీరం బస్సు ఐదు గంటలు పడుతుంది. దారిలో రెండుసార్లు బస్సు ఫెర్రీ ఎక్కుతుంది, అప్పుడు దిగి పైన డెక్కు మీద తిరగవచ్చు. లైఫ్ జాకెట్ తొడిగించకుండా పిల్లలను రేవు అంచున పడుకోబెట్టకండి, అక్కడి తల్లిదండ్రులు కూడా పిల్లలకు జాకెట్ తొడిగిస్తారు. దారపు ఉండ, నాలుగు బట్టల క్లిప్పులు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ఆల్చిప్పలు రేవు రాళ్ళకే అతుక్కుని ఉంటాయి.